కొట్లవీధి ట్యాంకూ, ఒక ప్రతికూల ఆలోచనా

మా శంబరపేట మునిసిపాలిటీలో సమస్యలు లేకుండా పోయిన సంవత్సరం అది. రోడ్లు బాగుపడీ కాదు, కుళాయిల్లో నీళ్లు వచ్చీ కాదు. మా కమిషనర్ దివాకర్ గారు ఎక్కడో కొండమీద జరిగిన శిక్షణకి వెళ్లొచ్చారు. అందువల్ల.

వెళ్లేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్లారు. బీపీ మాత్రలూ, విసుగూ, గుమాస్తాల మీద అరుపులూ అన్నీ ఉండేవి. తిరిగొచ్చేటప్పుడు తెల్ల లాల్చీలో, మెడలో పూసల దండతో, కళ్లు సగం మూసుకుని వచ్చారు. వచ్చిన రోజే సిబ్బందినంతా మీటింగు హాల్లో నేలమీద కూచోబెట్టారు. నేను ఫిర్యాదుల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఆ లెక్కన ముందు వరసలో కూచోవలసి వచ్చింది. నా మోకాళ్లు ఒప్పుకోలేదు గానీ వాటినెవరూ అడగలేదు.

"మనిషిని బాధపెట్టేది సంఘటన కాదు," అన్నారు కమిషనర్ గారు, ఎప్పుడూ లేనంత మెల్లగా. "ఆ సంఘటన గురించి మనిషికి వచ్చే ప్రతికూల ఆలోచన. అది రాగానే నమ్మేయకండి. నిలబెట్టి ప్రశ్నించండి. ఇది నిజమా? దీనికి రుజువేమిటి? దీన్ని మరోలా చూడవచ్చా? ఈ మూడు ప్రశ్నలకీ నిలబడని ఆలోచన పొగలా పోతుంది. మనిషి ఎదుగుతాడు."

నిజం చెప్పాలంటే ఈ మాటల్లో నాకేమీ తప్పు కనబడలేదు. ఆ రోజే ఇంటికెళ్లి పరీక్షించి చూశాను. నాకు గుండెజబ్బు ఉందని చాలాకాలంగా అనుమానం. ఇది నిజమా అని అడిగాను. రుజువేమిటన్నాను. రుజువేమీ లేదు, మా బావమరిదికి ఉంది, అంతే. ఎన్నాళ్ల తరవాతో హాయిగా భోంచేశాను. మా ఆవిడ నా మొహంలోకి అనుమానంగా చూసింది.

అక్కడితో ఆగి ఉంటే అందరం బాగుపడేవాళ్లం. మర్నాడు కమిషనర్ గారు ఇంకో మెట్టెక్కారు.

"వ్యక్తికి ఉన్నట్టే సంస్థకీ ప్రతికూల ఆలోచనలుంటాయి," అన్నారు. "మన సంస్థలో వాటిని ఇన్నాళ్లూ ఫిర్యాదులనే పేరుతో పిలుస్తున్నాం."

హాలంతా చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నానికి ఉత్తర్వు దిగింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియపరచునది ఏమనగా, ప్రజల నుండి వచ్చు ప్రతికూల ఆలోచనలను స్వీకరించి, ప్రశ్నించి, తదుపరి ముగించవలెను. ప్రశ్నించక మునుపే మరమ్మతులకు పూనుకొను సిబ్బందిపై క్రమశిక్షణా చర్యలు గైకొనబడును.' నా సెక్షను మీదున్న పాత బోర్డు తీసేసి 'ఆలోచనా పరిశీలన విభాగం' అని కొత్తది కట్టారు. 'ప్రశ్నించడమైనది, ముగించడమైనది' అని నాకో రబ్బరు స్టాంపు కూడా ఇచ్చారు.

మొదట వచ్చిన మనిషి టైలరు దాలినాయుడు. పంచె పైకెత్తి పిక్క చూపించాడు.

"కుక్క కరిసింది బాబూ. మా వీదిలో కుక్కలు మందలుగా తిరుగుతున్నాయి."

నేను ఉత్తర్వు ముందుపెట్టుకుని అడిగాను. "కరిచిందా నాయుడూ, కరిచినట్టు నీకు అనిపించిందా?"

వాడు నా వంకా పిక్క వంకా మార్చి మార్చి చూశాడు. "నెత్తురు కారితేనండీ!"

"రుజువుంది. సరే. దీన్ని మరోలా చూడగలవా?"

"ఎలా సూడమంటారు? తలకిందులుగానా?"

ఆ సమయానికి కమిషనర్ గారు అటుగా వచ్చారు. వాడి భుజమ్మీద చెయ్యేసి, "ఆ వీధిలో ఇంతమంది ఉండగా ఆ మూగజీవి నిన్నే ఎందుకు ఎంచుకుంది? ఆలోచించు," అన్నారు. దాలినాయుడు ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ వాడికి భయం ఎక్కువైంది. సూదిమందు వేయించుకోడానికి పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. నేను స్టాంపు వేశాను.

తరవాత అలవాటైపోయింది. వీధిదీపం వెలగడం లేదన్నవాళ్లకి నక్షత్రాల గురించి చెప్పేవాణ్ణి. మురుగుకాలవ పొంగిందంటే, ఆగిపోయిన జీవితంలో ఇంత ప్రవాహం ఉందని సంతోషించమనేవాణ్ణి. కుళాయిలో గాలొస్తోందన్న ముసలాయనకి గాలి కూడా ప్రాణాధారమేనని చెబితే, ఆయన చేతికర్ర ఎత్తాడు. జనం రావడం తగ్గించారు. కొన్నాళ్లకి మానేశారు. మా మునిసిపాలిటీలో ఒక్క సమస్య కూడా లేదని కమిషనర్ గారు పైకి రాశారు. రాజధానిలో సానుకూల పాలనా మండలి అని ఒకటుంది. వాళ్లు సంబరపడిపోయి, శంబరపేటని ఉత్తమ సానుకూల పురపాలక సంఘంగా ఎంపిక చేశామనీ, మండలి డైరెక్టరుగారు స్వయంగా వచ్చి జ్ఞాపిక ఇస్తారనీ జవాబిచ్చారు.

సరిగ్గా అప్పుడే మా అసిస్టెంట్ ఇంజనీరు సువర్చలకి ఒక ప్రతికూల ఆలోచన వచ్చింది.

సువర్చల నెమ్మదైన పిల్ల. మాట్లాడితే పక్కవాళ్లకి కూడా సరిగా వినబడదు. మీటింగుల్లో ఆవిడ నోరు తెరవడం నేను చూడలేదు. ఏదన్నా చెప్పాలంటే కాగితం మీద రాసి, ఆ కాగితం కూడా మరో పది కాగితాల కింద పెట్టి పంపేది. ఆవిడ పైన ఉండవలసిన ఇంజనీరు పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. ఊరి నీళ్ల భారమంతా ఆవిడ మీదే.

కొట్లవీధి మధ్యలో ఉన్న నీళ్ల ట్యాంకు కింద ఆవిడ ఒకరోజు నడుస్తుంటే భుజమ్మీద సిమెంటు పెచ్చు పడింది. తలెత్తి చూసింది. ఆరు కాళ్లలో ఒకదానికి లోపలి ఇనప ఊచలు బైటపడి తుప్పుతో ఉబ్బిపోయున్నాయి. పై దూలం దగ్గర వేలు దూరేంత పగులు. నిండు ట్యాంకు. దాని కింద నీడలో పైడమ్మ ఇడ్లీ కొట్టు, రిక్షాలు, కూరల బుట్టలు, పొద్దున్నయితే పలహారానికి వచ్చే జనం.

సువర్చల రాసి పంపింది. జవాబు రాలేదు. మళ్లీ రాసింది. ఈసారి కమిషనర్ గారు పిలిపించారు. ఫైలు పట్టుకుని నేనూ పక్కన ఉన్నాను.

"ఆరు కాళ్లలో ఎన్ని పాడయ్యాయమ్మా?"

"ఒకటి సార్."

"అంటే ఐదు బాగున్నాయి. మనలో ఎంతమందికి ఐదు కాళ్లు బాగున్నాయి?"

సువర్చల నేలచూపులు చూస్తూ ఏదో అంది. నాకు వినబడలేదు. ఆయనకీ వినబడలేదు. "మీరు పగులు చూశారు. పగలని భాగం చూడలేదు. ఇది ట్యాంకులో లోపం కాదు, చూపులో లోపం. మన మార్గదర్శి దగ్గరికి వెళ్లండి," అని ఫైలు మూసేశారు.

ఈ మార్గదర్శి పేరు షహనాజ్ మేడం. ఆడపిల్లల కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఊళ్లో ఈ విద్య తెలిసిన మనిషి కావాలి కాబట్టి కమిషనర్ గారు బతిమాలి తెచ్చి రికార్డు రూములో కుర్చీ వేయించారు. మొత్తం కార్యక్రమంలో ఆ విషయం చదువుకున్న మనిషి ఆవిడొక్కరే. అందువల్ల ఆవిడనెవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆవిడ గదికీ నా సీటుకీ మధ్య ఒక బీరువాయే అడ్డం. నా చెవులు మూసుకోవాలన్న ఉత్తర్వేదీ లేదు.

"కూచో అమ్మా. ఏ ఆలోచన వచ్చిందని పంపారు?"

"ట్యాంకు పడిపోతుందని మేడం."

"పడిపోతుందా?"

"పడుతుంది మేడం. ఊచని తుప్పు తినేసింది. ఇవాళో రేపో చెప్పలేను గానీ, పడుతుంది."

"అయితే అది ఆలోచన కాదు, ట్యాంకు. దాన్ని నేను ప్రశ్నించలేను, నాకు ఇంజనీరింగు రాదు. మరి ఇంత సంగతి కాగితం మీద రాసి ఊరుకున్నావేం? నోటితో గట్టిగా చెప్పలేదా?"



"నేను చెబితే ఎవరూ వినరు మేడం."

"ఆఁ! ఇదీ ఆలోచనంటే." కుర్చీ ముందుకి లాక్కున్న చప్పుడు. "ఇప్పుడు దీన్ని అడుగుదాం. ఇది నిజమా?"

"నిజమే. చిన్నప్పట్నుంచీ అంతే. మాట్లాడితే నాకు గొంతు వణుకుతుంది. వణికితే నవ్వుతారు."

"చివరిసారి ఎవరు నవ్వారు?"

సువర్చల చాలాసేపు వెతుక్కున్నట్టుంది. "కాలేజీలో... ఒక లెక్చరరు గారు."

"ఉద్యోగంలో చేరాక?"

"లేదు మేడం."

"ఉద్యోగంలో చేరాక ఎప్పుడన్నా గట్టిగా మాట్లాడావా?"

"లేదు."

"మరి వినరని ఎలా తెలిసింది తల్లీ? వినకపోవడానికైనా నువ్వు మాట్లాడాలి కదా."

సువర్చలకి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదలు.

"నవ్వరని నేను చెప్పను," అన్నారు షహనాజ్ మేడం. "నవ్వినా నవ్వొచ్చు. గొంతు వణకదనీ చెప్పను. వణికితే వణకనీ. నవ్వితే నీకేమవుతుంది, చెప్పకపోతే ఆ కొట్లో ఇడ్లీలు తినేవాళ్లకేమవుతుంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. నేను చెప్పగలిగింది అంతే."

మేడం ఆ సాయంత్రమే పైకి రెండు ముక్కలు రాశారు. ఆ అమ్మాయి మనసు బాగానే ఉంది, దయచేసి ట్యాంకు చూడండి అని. అది చదివి కమిషనర్ గారు కళ్లు పూర్తిగా మూసుకున్నారు. ప్రతికూలత అంటువ్యాధి అనీ, మార్గదర్శికి కూడా సోకిందనీ తేల్చారు. ఆవిడకీ కౌన్సెలింగు అవసరమైంది. ఊళ్లో వేరే మార్గదర్శి లేరు కనక, 'సదరు మేడంగారు ప్రతి వారం తమకు తామే కౌన్సెలింగు ఇచ్చుకుని నివేదిక సమర్పించవలెను' అని ఉత్తర్విచ్చారు. మేడం దాన్ని మడిచి హ్యాండుబ్యాగులో పెట్టుకున్నారు. మనవలకి చూపిస్తారట.

సువర్చల నా సీటు దగ్గరికొచ్చింది.

"కూర్మనాథం గారూ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. సన్మానం గురించి మీటింగుంది కదా. దాంట్లో నేను లేచి మాట్లాడితే అందరూ నవ్వుతారా?"

"నవ్వుతారమ్మా," అన్నాను. అబద్ధం చెప్పడం ఎందుకు?

"సరే," అని వెళ్లిపోయింది.

ఆ మీటింగులో అసలు సంగతి బైటపడింది. సన్మానసభ కొట్లవీధిలో, ట్యాంకు కిందే పెడతారట. మంచి నీడ, ఊరికి నడిబొడ్డు. పైగా ఒకప్పుడు ప్రతికూల ఆలోచనకి గురైన స్థలంలోనే సానుకూల జ్ఞాపిక అందుకుంటే ఆ అందమే వేరని కమిషనర్ గారి ఉద్దేశం. పెయింటర్లు అప్పటికే పనిలో దిగారు. పై పగులునీ, ఊచలు బైటపడ్డ కాలునీ లప్పంతో పూడ్చి, ఆ కాలుమీద నవ్వే సూర్యుణ్ణి వేస్తున్నారు.

సువర్చల లేచి నిలబడింది. చేతులు కుర్చీ వీపుని గట్టిగా పట్టుకున్నాయి.

"సార్, అక్కడ... అక్కడ సభ పెట్టకూడదు సార్."

గొంతు వణికింది. ముందు రెవెన్యూ ఆఫీసరు నవ్వాడు. ఆయన నవ్వాడని శానిటరీ ఇన్‌స్పెక్టరు నవ్వాడు. తరవాత ఎవరెందుకు నవ్వుతున్నారో తెలీకుండా హాలంతా నవ్వింది. సువర్చల చుట్టూ చూసింది. మొహం ఎర్రబడింది. కూచుంటుందనుకున్నాను. కూచోలేదు. నవ్వు అయిపోయేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"ట్యాంకు ఖాళీ చేయాలి సార్. కింద కొట్లు తీయించాలి. లేకపోతే మనుషులు పోతారు."

"పోతారు అనకూడదు," అన్నారు కమిషనర్ గారు మృదువుగా. "సెలవు తీసుకుంటారు అనండి. మాట మారితే మనసు మారుతుంది. మీకు అనుమతి లేదు. కూచోండమ్మా."

బైటికొచ్చాక వరండాలో గోడకి చేరగిలబడి నిలబడింది. ఒళ్లంతా చెమట. "నవ్వారు," అంది నాతో. "నవ్వారండీ. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్లల్లో నీళ్లున్నాయి గానీ, అవి ఏడుపు నీళ్లలా కనబడలేదు.

సభ రోజు పొద్దున్నే తలుపు కొట్టింది. చేతిలో పెద్ద మోకు.

"ట్యాంకు ఖాళీ చేస్తున్నాను. చుట్టూ తాడు కట్టాలి. రెండో వైపు పట్టుకోడానికి మనిషి కావాలి."

నా ఉద్యోగం పోతుందన్న ఆలోచన వెంటనే వచ్చింది. దాన్ని నిలబెట్టి ప్రశ్నించాను. ఇది నిజమా? నిజమే. రుజువేమిటి? కావలసినంత ఉంది. దీన్ని మరోలా చూడవచ్చా? చూడడానికి వీల్లేకుండా ఉంది. నా విషయంలో ఆ ప్రశ్నలు బొత్తిగా పనిచెయ్యలేదు. కానీ తాడు పట్టుకోకూడదన్న ఉత్తర్వేదీ నాకు గుర్తురాలేదు. చొక్కా వేసుకుని వెళ్లాను.

సువర్చల పైకి నీళ్లెక్కించే వాల్వు కట్టేసి, అడుగు వాల్వు తానే తిప్పింది. బిగుసుకుపోయుంది. రెండు చేతులా వేలాడితే కదిలింది. నీళ్లు ఒక్కసారిగా వీధిలోకి దూకాయి. కుళాయిల్లో ఎన్నడూ చూడనన్ని నీళ్లు. జనం బిందెలూ బకెట్లూ పట్టుకుని ఇళ్లల్లోంచి వచ్చేశారు. సభ కోసం ఈ ఏర్పాటు చేశారనుకుని ఒకాయన కమిషనర్ గారికి జై కూడా కొట్టాడు. రిక్షావాళ్లని పంపేశాం, బుట్టలు ఎత్తించాం. కదలనిది పైడమ్మ ఒక్కర్తే. పొయ్యి మీద ఇడ్లీపాత్ర పొగలు కక్కుతోంది.

"కొట్టు తియ్యాలి పైడమ్మా," అంది సువర్చల. "ఇది పడిపోతుంది."

పైడమ్మ గరిటె నడుముకి ఆనించుకుంది. కిందటి నెలలో ఆవిడ మురుగు గురించి నా దగ్గరికి మూడు దఫాలు వచ్చి, మూడు దఫాలూ స్టాంపు వేయించుకుని వెళ్లిన మనిషి. "ఏటమ్మా ఇంజనీరమ్మా! మీ ఆఫీసుకొస్తే ఈ బాబు నన్నేటడిగాడో తెల్సా? ఇప్పుడు నేనడుగుతాను. ఇది నిజవేనా?"

"నిజమే."

"రుజువేటి?"

సువర్చల ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ పాడైన కాలు దగ్గరికి తీసుకెళ్లింది. నవ్వే సూర్యుడి బుగ్గమీద వేళ్లు పెట్టి లాగింది. బుగ్గ ఊడి చేతిలోకి వచ్చింది. లోపల ఊచ పొరలు పొరలుగా రాలింది. పైడమ్మ దాన్ని తాకి చూసింది. తలెత్తి పైకి చూసింది. ఇరవై ఏళ్లుగా తన నెత్తిమీద ఏముందో ఆవిడ ఎప్పుడూ చూసుకున్నట్టు లేదు.

"మూడోది అడగన్లే," అంది. "ఆ పాత్ర ఓ పక్క పట్టు."

పొయ్యి, పాత్రలు, పిండి గిన్నెలు ఎదురుగా ఉన్న బడి అరుగుమీదికి మోశాం. ఒక పెద్ద బల్ల మాత్రం కదల్లేదు. వదిలేశాం. వేదిక మీద కుర్చీలు తీద్దామంటే షామియానా వాళ్లు ఒప్పుకోలేదు, అవి అద్దెవట.

ట్యాంకు దాదాపు ఖాళీ అవుతుండగా బ్యాండుమేళం వినబడింది. ముందు కమిషనర్ గారు, ఆయన పక్కన సానుకూల పాలనా మండలి డైరెక్టరుగారు, వెనక మా సిబ్బంది. మోకు దగ్గర ఆగారు. సువర్చల దానికి అడ్డంగా నిలబడుంది. చీర కుచ్చిళ్లు తడిసి బురదతో ఉన్నాయి.

"ఈ తాడు ఏమిటి?" అన్నారు డైరెక్టరుగారు.

"ప్రమాదం సార్. లోపలికి వెళ్లకండి," అంది సువర్చల.

"ప్రమాదం అన్నది కేవలం ఒక దృక్పథం, డైరెక్టరుగారూ," అన్నారు కమిషనర్ గారు చిరునవ్వుతో. "మా సిబ్బందిలో మిగిలిన చిట్టచివరి ప్రతికూల ఆలోచన ఇది. మీ సమక్షంలోనే దీన్ని పరిష్కరిస్తాను."

సువర్చల అడ్డుపడేలోగా తాడు కిందినుంచి దూరి లోపలికి వెళ్లిపోయారు. బుగ్గ ఊడిన సూర్యుడి మీద అరచెయ్యి ఆనించి మాకేసి తిరిగారు. "నేను ఈ ట్యాంకుని నమ్ముతున్నాను. ఈ ట్యాంకు నన్ను నమ్ముతోంది." ఆప్యాయంగా రెండుసార్లు తట్టారు.

పైనుంచి తలగడంత పెచ్చు ఆయన పాదాల పక్కన పడింది. తెల్ల లాల్చీ బూడిదరంగైంది. ట్యాంకు కాలులోంచి కీచుమని చప్పుడొచ్చింది. ఆయన తలెత్తారు. శిక్షణ నించి వచ్చాక ఆయన కళ్లు అంత పెద్దవి చేయడం మేమెవరం చూడలేదు. కానీ కాళ్లు మాత్రం కదలడం లేదు. అలాగే నిలబడిపోయారు.

"సార్!" అని కేక వినబడింది. వీధి చివరిదాకా వినబడిన కేక. "బైటికి రండి! ఇటు, నా వైపు! పరిగెత్తండి!"

అది సువర్చల గొంతని గుర్తుపట్టడానికి నాకే ఒక క్షణం పట్టింది. కమిషనర్ గారు చిన్నపిల్లాడిలా ఆ గొంతు వచ్చిన వైపు పరిగెత్తుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ ఆయన్ని లాక్కుంటూనే "వెనక్కి! అందరూ వెనక్కి!" అని అరిచింది. రెవెన్యూ ఆఫీసరు అందరికన్నా ముందు వెనక్కి వెళ్లాడు. ఆ రోజు ఆ మాట విననివాడు లేడు.

అందర్నీ బడి అరుగుమీద చేర్చాం. డైరెక్టరుగారి చేతికి పైడమ్మ టీగ్లాసు ఇచ్చింది. అది సగం కూడా తాగలేదు, ఆ పాడైన కాలు వంగింది. ట్యాంకు ఒక పక్కకి ఒరిగి, కాసేపు ఆలోచించినట్టు ఆగి, వేదిక మీద కూలబడింది. కుర్చీలు, షామియానా, బ్యానరు, పైడమ్మ బల్ల, అన్నీ దాని కింద. దుమ్ము వీధంతా నిండింది. దుమ్ము తగ్గాక జనం ఒకర్నొకరు తడుముకుని చూసుకున్నారు. ఒక్కరికి గీత కూడా పడలేదు.

పైడమ్మ అరుగుమీద కూలబడి భోరుమంది. "నా సోటు పోయింది... నా సోటు పోయిందమ్మా," అంటూనే సువర్చల చెయ్యి రెండు చేతుల్తోనూ పట్టుకుని వదల్లేదు. సువర్చల ఆవిడ పక్కనే కూచుంది. అప్పుడు మొదలైంది ఆవిడకి వణుకు. ఈసారి గొంతు కాదు, ఒళ్లంతా. షహనాజ్ మేడం ఎప్పుడొచ్చారో, తన శాలువా తీసి భుజాల చుట్టూ కప్పారు. ఏమీ ప్రశ్నించలేదు.

కమిషనర్ గారు కాసేపట్లో తేరుకున్నారు. సాయంత్రం పత్రికలకి ప్రకటన వెళ్లింది. 'దశాబ్దాలుగా ప్రజలకు అందనంత ఎత్తులో ఉండిపోయిన కొట్లవీధి ట్యాంకు నేడు ప్రజలకు చేరువైనది. ముందస్తు సానుకూల ప్రణాళిక వలన ఎవరికినీ అసౌకర్యము కలుగలేదు.' జ్ఞాపిక కార్యాలయంలోనే ఇచ్చేశారు. డైరెక్టరుగారు తొందరగా కారెక్కారు.

సువర్చలకి మర్నాడు మెమో అందింది. అనుమతి లేకుండా ట్యాంకు ఖాళీ చేసినందుకూ, ఉన్నతాధికారిని బహిరంగ ప్రదేశంలో పరిగెత్తమని ఆదేశించినందుకూ సంజాయిషీ అడిగారు. నాకు తాడు నిమిత్తం వేరే మెమో. విచారణకి జిల్లా నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, మీటింగు హాల్లో బల్ల వెనక కూచుని విచారించారు. నేను పక్కన కూచుని కాగితాలు అందిస్తున్నాను.

"తమరు సదరు ట్యాంకు విషయమై ప్రతికూలంగా ఆలోచించినట్టు అభియోగం. అవునా కాదా?"

"ఆలోచించలేదండీ," అంది సువర్చల. "చూశాను."

ఆయన కలం ఆగింది. "చూసి, ఆలోచించారా?"

"చూసి, వాల్వు తిప్పానండీ."

"ఉన్నతాధికారి మీద కేక వేశారట."

"వేశానండీ. మెల్లగా చెబితే ఆయనకి వినబడేది కాదు." గొంతు కొంచెం వణికింది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. "మళ్లీ అలాంటిదే జరిగితే మళ్లీ వేస్తాను. అదీ రాసుకోండి."

రాసుకున్నారు. ఇంక్రిమెంటు ఆపవలెనని సిఫారసు చేస్తానని చెప్పారు. సువర్చల సరేనంది. ఆయన కాగితాలన్నీ సర్ది, కట్టకి తాడు కట్టి, నన్ను తలుపు దగ్గరగా వేసి రమ్మన్నారు. వేసొచ్చాను. ఆయన వంగి, గొంతు తగ్గించి, వేలు పైకి చూపించారు.

"అమ్మా, విచారణ అయిపోయింది. ఇది వేరే సంగతి. నేను పొద్దున్నించీ ఈ కుర్చీలో కూచున్నాను. పైన ఆ గీత... అది పాత సున్నమేనంటావా?"

సువర్చల తలెత్తి చూసింది. స్టూలు లాక్కుని ఎక్కి, నా గొడుగు అడిగి పుచ్చుకుని, దాని పిడితో కప్పుమీద రెండు చోట్ల కొట్టి చెవి ఒగ్గి విన్నది.

"సార్, మీరు కొంచెం..." అంటూ వెనక్కి తిరిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన అప్పటికే వరండాలో ఉన్నారు. ఫైలు బల్లమీదే వదిలేసి, చెప్పులు మాత్రం చేత్తో పట్టుకున్నారు.